మేనమామ ఒడి

మా ఆడబిడ్డ సత్యప్రియ ఫోన్ చేసిందంటే ముందు వానల సంగతి, తరువాత వాళ్ల మహేంద్రమంగళంలో ఎవరికి ఎవరితో పడడం లేదో ఆ సంగతి, ఆఖర్న అసలు సంగతి. ఆ రోజు మాత్రం నేను ఫోన్ ఎత్తగానే గొంతు తగ్గించింది.

"వదినా, అన్న పక్కన ఉండాడా?"

"లేడు. తోటలో ఆకు కోస్తుండాడు. ఏమి?"

"పాపకి చెవులు కుట్టించేది పెట్టుకున్నాం, వచ్చే నెల. మా మునియప్ప గుళ్లో. మేనమామ ఒళ్లో కూర్చోబెట్టాల కదా..."

"కూర్చోబెట్టు. ఒడి అట్లే ఉంది. నేనేమన్నా అద్దెకిచ్చేసినానా?"

సత్య నవ్వలేదు. నేను ఎకసెక్కమాడినప్పుడు ఎదుటివాళ్లు నవ్వకపోతే నాకు ఒళ్లు మండుతుంది.

"కోపం చేసుకోవద్దు వదినా. మా మామగారు కన్నప్పన్నని కూర్చోబెట్టమంటుండారు. పెదనాన్న కొడుకే కదా, ఆయనా మేనమామే అంటుండారు. నేను ఒప్పుకోలే. అయితే ఒకటి. ఆ దినం దగ్గరికొచ్చినాక అన్న ఎట్లుండాడో నువ్వే నాకు చెప్పాల. బాగుండాడు అని నువ్వు ఒక మాట అంటే అన్న ఒళ్లోనే పెడతా. లేదంటే..."

లేదంటే ఏమిటో ఆమె చెప్పలేదు, నేను అడగలేదు. సరేనని ఫోన్ పెట్టేసి పొయ్యి మీద ఉన్న చారును అవసరం లేకపోయినా గట్టిగా కలిపాను. సంతలో ఎద్దుకి పళ్లు చూసి చెప్పినట్టు నా మొగుడి సంగతి నేను హామీ ఇవ్వాలట.

సత్య అడిగింది చిన్న విషయం కాదు. మా వాళ్లలో బిడ్డకి చెవులు కుట్టేటప్పుడు మేనమామ ఒళ్లోనే కూర్చోబెట్టాలి. తండ్రి ఎంత గొప్పవాడైనా పక్కన నిలబడి చూడాల్సిందే. సొంత మామ లేని బిడ్డకైతే వరుసకు మామ అయ్యేవాణ్ణి ఎవరినో వెతుకుతారు. బతికున్న మామని పక్కన పెట్టి ఇంకొకడి ఒళ్లో పెట్టారంటే ఆ మామని పోయినవాళ్ల లెక్కలో వేసినట్టే. అదీ సత్యకి పెళ్లయిన ఎన్నేళ్లకో, ఎన్ని గుళ్లు తిరిగాకో పుట్టిన బిడ్డ. జీవా అని పేరు పెట్టుకున్నారు. ఆ పిల్ల పుట్టిందని తెలిసిన రోజు మా ఆయన పట్టుపురుగులకి కూడా ఆ కబురు చెప్పాడు.

మా ఆయన పేరు భూపతి. నాకు మేనత్త కొడుకు. ఇక్కడ మా ఇళ్లలో మొగుణ్ణి మామా అనే పిలుస్తాం. ఆ పిలుపుతో పాటే పరాచికం కూడా వస్తుంది. మరదలు మామని ఆటపట్టించలేదంటే ఆమెకి ఒంట్లో బాగాలేదా అని అడుగుతారు. నాకు ఎప్పుడూ ఒంట్లో బాగానే ఉంటుంది. మా ఊరు పిక్కిలిలో మాకు మల్బరీ తోట, దాన్ని ఆనుకుని పట్టుపురుగులు పెంచే షెడ్డు ఉన్నాయి.

మామకి ఒక జబ్బుంది. ధర్మపురిలో డాక్టరమ్మ దాన్ని బైపోలార్ అంది. ఇంట్లో మేం ఎక్కుడు-దిగుడు అంటాం. దిగుడులో మామ గోడ వైపు తిరిగి పడుకుంటాడు, అన్నం కలిపి నోట్లో పెడితే నమలడానికి కూడా ఓపిక ఉండదు. ఎక్కుడులో నిద్ర ఉండదు, నోట్లో నువ్వుగింజ నానదు, నిమిషానికొక ఐడియా పుడుతుంది. ఇంట్లోకి పాము దూరినా నేను భయపడను, చీపురు తీసుకుని తరుముతాను. మామ "యోగా, ఒక ఐడియా" అన్నాడంటే మాత్రం ముందు పోయి బీరువా తాళం దాచుకుంటాను. ఒకసారి, పాటలు వింటే పురుగులు గట్టి గూళ్లు కడతాయని షెడ్డు నాలుగు మూలలా పెద్ద స్పీకర్లు పెట్టించాడు. పురుగులు విన్నాయో లేదో తెలియదు గానీ పక్క ఊరివాళ్లంతా విన్నారు.

ఆ స్పీకర్లే సత్య గాజుల వేడుకకి కూడా వెళ్లాయి. సత్యకి ఏడో నెల. మామ ఒకటికి రెండు మేళాలు పెట్టుకుని వాళ్ల వీధిలో దిగాడు. ఆ రెండు మేళాలవాళ్లూ ఒకరి మీద ఒకరు పంతానికి వాయించారు. తరువాత మామ మైకు పట్టుకున్నాడు. సత్యని ఎవరెవరు చూడడానికి వచ్చారు, ఎందుకు వద్దన్నారు, చివరికి ఈ సంబంధానికి మా అత్త ఎందుకు ముక్కు విరిచింది, అన్నీ పేరు పేరునా చెప్పాడు. చెప్పినవన్నీ నిజాలే, అదే వచ్చిన చిక్కు. సత్య మామగారు విస్తరి ముందు నుంచి అన్నం తినకుండా లేచి వెళ్లిపోయారు. అది జబ్బు చేయించిన పని, మనిషి చేసిన పని కాదు అని నేను ఎంతమందికో చెప్పాను. కానీ పదిమందిలో తలవంపులు పడ్డ మనిషికి జబ్బు పేరు చెబితే కడుపు నిండుతుందా?

ఆ తరువాతే డాక్టరమ్మ లిథియం మాత్ర మొదలుపెట్టింది. దానితో మామ నేల మీద నిలిచాడు. నిద్రపోతున్నాడు, లేస్తున్నాడు, పురుగులకి వేళకి ఆకు వేస్తున్నాడు. ఒక్కటే ఇబ్బంది, చేతులు వణుకుతాయి. ఎక్కువేం కాదు. చొక్కా గుండీ పెట్టుకోవడానికి కాస్త ఆలస్యమవుతుంది, టీ గ్లాసు నిండుగా పోస్తే కొంచెం కిందికి పోతుంది.

"మామా, నీకు పోసినప్పుడల్లా భూదేవికి కూడా పోసినట్టే, పుణ్యం నాదే," అనేదాన్ని. ఆయన నవ్వేవాడు. నవ్వుతున్నాడు కదా అనుకున్నాను.

చెవులు కుట్టే సంగతి మామకి చెప్పాను. సత్య పెట్టిన షరతు చెప్పలేదు. ఆ పూట మామ రెండు ముద్దలు ఎక్కువ తిన్నాడు. మరునాడు పొద్దున్నే గడ్డం గీసుకుని, తోటలో ఆకు కోస్తూ ఏదో కూనిరాగం తీశాడు. నేను గట్టు మీద నిలబడి వింటున్నాను. వేరే ఆడవాళ్లు మొగుడు పాడుతుంటే మురుస్తారు. నేను మాత్రం రాత్రి ఎంతసేపు పడుకున్నాడు, పొద్దున ఎప్పుడు లేచాడు అని గుర్తు చేసుకుంటున్నాను. సంతోషానికీ ఎక్కుడుకీ మొదట్లో మొహం ఒకటే. దగ్గరకు వెళ్లి చూస్తే తప్ప తేడా తెలియదు, దగ్గరకు వెళ్లి చూస్తే ఆ సంతోషం కాస్తా ఆగిపోతుంది. ఈ పీడ ఎవరికీ రాకూడదు.

ఒక మధ్యాహ్నం నేను లోపల నుంచి వచ్చేసరికి మామ వసారాలో బాసింపట్టు వేసుకుని ఒళ్లో గుమ్మడికాయ పెట్టుకుని కూర్చుని ఉన్నాడు. రెండు చేతులతో దాన్ని అటూ ఇటూ కదలకుండా పట్టుకున్నాడు.

"ఏం మామా, దీనికి చెవులు యాడుండాయో కంసాలి ఆచారికి చూపించినావా?"

"నవ్వు, నవ్వు. పిల్ల తల కదలకుండా పట్టుకోవాల యోగా. ఆచారి బంగారు తీగ పట్టుకుని చెవి దగ్గరికి వస్తాడు. ఆ పొద్దు మామ చెయ్యి కదిలిందంటే?"

"గుమ్మడికాయ అయితే ఏడవలేదు. కూర చేసేటప్పుడు కూడా ఏడవదు, మంచి పిల్ల."

దానికి నవ్వు రావాలి. మామ నవ్వకుండా గుమ్మడికాయ మీద ఉన్న తన వేళ్లనే చూస్తూ కూర్చున్నాడు. స్టవ్ మీద పాలు పొంగుతున్న చప్పుడైతే నేను లోపలికి పరిగెత్తాను.

తరువాత పురుగుల పని ముంచుకొచ్చింది. నాలుగో జ్వరం, అంటే కుబుసం విడిచే నిద్ర, దాటి లేచాక పట్టుపురుగు తినే తిండి చూసిన వాళ్లకే తెలుస్తుంది, షెడ్డంతా చినుకులు పడుతున్నట్టు ఒకటే చప్పుడు. అలా తిని తిని ఒక రోజు ఆకు ముట్టడం మానేస్తాయి. ఒళ్లు పసుపు రంగుకు తిరిగి, తల ఎత్తి దిక్కులు చూస్తాయి. పండుపురుగులంటాం వాటిని. అప్పుడు ఒక్కొక్క దాన్నీ మెత్తగా వేళ్లతో ఏరి, గూడు కట్టుకోవడానికి చంద్రిక అనే వెదురు తట్ట మీద వేయాలి. ఆలస్యమైతే ఆకుల్లోనే కట్టేస్తాయి, గట్టిగా నొక్కితే చచ్చిపోతాయి. అందుకే ఇరుగుపొరుగు ఆడవాళ్లు నలుగురు సాయం వస్తారు. మాత్ర మొదలైనప్పటి నుంచి మామ ఏరే పనికి రాడు. చంద్రికలు మోసుకొచ్చి నిలబెట్టడం ఆయన పని.

ఆ రోజు ఎప్పుడు వచ్చి కూర్చున్నాడో చూడలేదు. నా ఎదుటి వరుసలో కూర్చుని ఏరుతున్నాడు. ఏరుతూ కబుర్లు చెబుతున్నాడు, సాయం వచ్చిన ఆడవాళ్లు పొట్ట పట్టుకుని నవ్వుతున్నారు. మామ వేళ్లు ఆకుల మధ్యకి వెళ్లి వస్తున్నాయి, వచ్చిన ప్రతిసారీ ఒక పురుగు నలగకుండా చంద్రిక మీదకి చేరుతోంది. నాకు మొదట సంతోషమే వేసింది. సిగ్గెందుకు, పెళ్లికి ముందు మా అత్త వాళ్ల షెడ్డుకి సాయం వెళ్లినప్పుడు ఆ వేళ్లు చూసే నాకు మనసైంది. ఎన్నాళ్లకి మళ్లీ ఆ వేళ్లు అలా కదిలాయి అనుకున్నాను.

అప్పుడు తట్టింది. మామ చేతులు వణకడం లేదు.

నా వేళ్ల మధ్య ఉన్న పురుగు అలాగే ఉండిపోయింది. పక్కనున్న రాసాత్తి "ఏమక్కా?" అంటే ఏమీ లేదన్నాను. పండుపురుగులు మన ఏడుపు కోసం ఆగవు కాబట్టి ఆఖరి తట్ట అయ్యేదాకా నోరు మూసుకుని ఏరాను. అందరూ కాళ్లు చేతులు కడుక్కుని వెళ్లాక మామని షెడ్డు వెనక్కి పిలిచాను.

"చేతులు చాపు మామా."

చాపాడు. గోడకి కొట్టిన మేకుల్లాగ నిలిచి ఉన్నాయి.

"మాత్ర ఎప్పుడు మానేసినావు?"

ముందు ఆకాశం చూశాడు. తరువాత మల్బరీ తోట చూశాడు. "అమావాస్యకి ముందు," అన్నాడు.

"పొద్దూ మాపూ రేకు చించే చప్పుడు వింటానే ఉండానే. చించి ఏం చేస్తివి?"

"చెట్ల మొదట్లో పాతిపెట్టినా."

"అదీ సంగతి. ఈ సారి పురుగులు ఇంత సాధువుగా ఎట్లా ఉండాయబ్బా అనుకుంటి. నీ మాత్రలు అవి తినె, వాటి ఎక్కుడు నీకొచ్చె!"

తిట్టాలనే మొదలుపెట్టాను, అది పరాచికంగా బయటికొచ్చింది. మామకి నవ్వు ఆగలేదు. నాకు ఏడుపు ఆగలేదు. నేను ఏడుస్తుంటే ఆయన నవ్వు చప్పున పోయింది.

"ఒక్క పొద్దుకే యోగా. ఆ ఒక్క పొద్దు చెయ్యి నిలబడితే చాలనుకున్నా. పిల్ల చెవి పక్కన నా చెయ్యి వణికితే అందరూ నా చెయ్యే చూస్తారు, పిల్లని ఎవురూ చూడరు."

"నాతో చెప్పుంటే?"

"నీతో ఎట్లా చెప్పేది?" మామ గొంతు పెరిగింది. "నువ్వు నన్ను ఎట్లా చూస్తావో తెలుసునా? పొద్దున్నే పురుగుల తట్ట ఎత్తి చూస్తావే, ఏది మంచిది, ఏది జబ్బుది, ఏది ఏరి పారెయ్యాల్నో అని, అట్లే చూస్తావు. నేను నవ్వితే లెక్కేస్తావు. పాడితే లెక్కేస్తావు. పొరక పట్టుకుని కసువు ఊడ్చినా, వీడికి ఇంత ఉషారు యాడినుంచి వచ్చెరా అని చూస్తావు. ఇంట్లో ఉండేది పెళ్లామా, పోలీసా?"

నోరున్న దాన్ని అని ఊరంతా చెప్పుకుంటారు నా గురించి. ఆ మాట అబద్ధమైతే ఎదురు తిట్టేదాన్ని.

"చూస్తా," అన్నాను చివరికి. "భయంతో చూస్తా. పారెయ్యాలని ఒక్క పొద్దు కూడా చూడలేదు మామా."

మామ షెడ్డు గోడకి ఆనుకుని కూర్చుండిపోయాడు. నేనూ పక్కన కూర్చున్నాను. ఇక దాచి లాభం లేదని సత్య అడిగిన మాట అప్పుడే చెప్పాను. బాగుండాడు అని నేను చెబితేనే ఒడి, లేకపోతే కన్నప్పన్.

"మరి ఏం చెప్తావు?"

"ముందు డాక్టరమ్మ దగ్గర పోయి తిట్లు తిందాం పద. తరువాత చూస్తాం."

మరునాడే ధర్మపురి బస్సెక్కాం. మామ దారి పొడుగునా కండక్టరుకి పట్టుపురుగుల జీవితచరిత్ర చెబుతూనే ఉన్నాడు. నేను కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నాను.

డాక్టరమ్మ నెమ్మదిగా మాట్లాడే మనిషి, అందుకే ఆమె తిట్లు ఎక్కువసేపు గుర్తుంటాయి. మాత్ర ఒక్కసారిగా ఆపేస్తే జబ్బు ఎంత గట్టిగా తిరగబడుతుందో మామకి విడమరిచి చెప్పి, రక్తపరీక్షకి రాసింది. "నిద్ర ఎలా ఉంది?" అని మామని అడిగింది.

"తగ్గింది డాక్టరమ్మా, తెల్లారక ముందే లేస్తుండాడు," అన్నాను.

"మాత్ర మానింది చేతుల వణుకు వల్లే అంటున్నారు, ఆ వణుకు ఎప్పుడు మొదలైంది?"

"అది మాత్ర మొదలైనప్పటి నుంచే..."

"యోగలక్ష్మీ, ఆయనకి నోరుంది కదా?"

మామ నా వంక చూసి, గొంతు సవరించుకుని, "ఉంది డాక్టరమ్మా, వాడక తగ్గిపోయింది," అన్నాడు. డాక్టరమ్మ నవ్వాపుకోవడానికి కాగితాలు సర్దుకుంది. నేను బయట బల్ల మీద కూర్చుంటానని లేచాను. ఇద్దరూ లోపల చాలాసేపు మాట్లాడుకున్నారు. గోడకి చెవి ఆనించాలని ఎంత అనిపించినా ఆనించలేదు.

మామ కొత్త చీటీతో బయటికొచ్చాడు. పాత మాత్రే, రక్తపరీక్ష చూసి మోతాదు సరిచేస్తుందట, వణుకు తగ్గడానికి ఇంకొకటి చిన్నది. వణుకు తగ్గుతుంది గానీ పూర్తిగా పోతుందని మాటివ్వలేనని చెప్పిందట. కాఫీ మానాలట. "వణుకుతుందని ముందే నాకు చెప్పుంటే ఇంత దూరం వచ్చేది కాదు కదా అనింది," అని మామ మెల్లగా చెప్పాడు. నేను చీటీ మడిచి సంచిలో పెట్టుకున్నాను. కాఫీ మాట వచ్చినప్పుడు మాత్రం ఆయన మొహం చూసి జాలేసింది.

ఆ తరువాతి రోజులు కష్టంగానే గడిచాయి. మాత్ర మళ్లీ పట్టు దొరికించుకునేదాకా మామకి కుదురు లేదు. పక్కింటివాళ్లతో గొడవ పెట్టుకున్నాడు, నా మీద అరిచాడు, అంతలోనే వచ్చి కళ్లనీళ్లు పెట్టుకున్నాడు. గూళ్లు విప్పి మార్కెట్టుకి పంపే పనంతా నేనే చూసుకున్నాను. ఒక పూట వసారాలోంచి "యోగా, ఒక ఐడియా!" అని కేక వినబడింది. చేతిలో గరిటె పట్టుకుని పరిగెత్తుకొచ్చాను. మామ నా మొహం చూసి, "వద్దులే. మాత్ర వేసుకుంటా. రేపటికి కూడా ఐడియా బతికుంటే అప్పుడు చెప్తా," అన్నాడు. మరునాటికి అది బతకలేదు. మెల్లగా ఆయన గొంతు తగ్గింది, నిద్ర నిలిచింది, టీ గ్లాసు మళ్లీ వణకడం మొదలుపెట్టింది. గ్లాసు చప్పుడు విని అంత సంతోషపడిన ఆడది ఈ జిల్లాలో ఇంకొకతి ఉండదు.

చెవులు కుట్టే ముందు సత్య ఫోన్ చేసింది. వాన ఊసెత్తలేదు. "ఎట్లుండాడు వదినా?"

బాగుండాడు, ఈ ఒక్క మాట చాలు. నాలుక చివరనే ఉంది. మామ వసారాలో అరటిగెల తుడుస్తూ వినీ విననట్టు నటిస్తున్నాడు. ఒక్క మాటకి ఆయన ఒడి నిండుతుంది. కానీ అంత నున్నగా చెప్పేస్తే, రేపు ఆ చేతులు చూసి సత్యే ఉలిక్కిపడుతుంది.

"సత్యా, ఉన్నది ఉన్నట్టు చెప్తా విను. నడుమ మాత్ర మానేసినాడు. ఎందుకంటావా, పిల్లని పట్టుకునేటప్పుడు చెయ్యి వణకకూడదని. మళ్లీ వేసుకుంటుండాడు. ఇప్పుడు నెమ్మదిగా ఉండాడు, చెయ్యి వణుకుతుంది. రేపూ వణుకుతుంది, ఎల్లుండీ వణుకుతుంది. మైకు పట్టుకుంటాడేమో అని భయమైతే మైకు పెట్టించొద్దు. చెయ్యి చూసి మీ ఇంట్లో ఎవురైనా మొహం తిప్పుకునేట్టుంటే ఇప్పుడే చెప్పు, మేము రాము. వచ్చినాక నా మామని పక్కన కూర్చోబెట్టినావంటే మాత్రం నేను ఊరుకోను."

సత్య అంతా వింది. తరువాత "సరి వదినా" అని ఫోన్ పెట్టేసింది. సరి అంటే ఏమి సరి? రమ్మనా, వద్దనా? మామ అరటిగెల తుడవడం ఆపి నా వంక చూశాడు. "నాకు తెలీదు మామా. పోయి చూస్తాం," అన్నాను.

మేనమామ పెట్టే సీర్, అదే సారె, తట్టల్లో పట్టుకుని వెళ్లాం. చిన్న పట్టు పావడా, బంగారు కమ్మలు, పళ్లు, పూలు, చీర. గుళ్లో కన్నప్పన్ మాకంటే ముందే వచ్చి ఉన్నాడు. పట్టు పంచె, కొత్త చొక్కా, ఒడి నలగకుండా ముందరికి సర్దుకుని మరీ కూర్చున్నాడు. ఆచారి ఎదుట వేసిన పీట పక్కనే ఆయన చోటు. సత్య మామగారు మమ్మల్ని చూసి రండి అన్నారు, అంతకుమించి మాట్లాడలేదు. మామ వెనక స్తంభం పక్కన కూర్చుని రెండు చేతులూ చంకల్లో దాచుకున్నాడు. చలి కాలం కాదు. 

జీవాకి గుండు కొట్టి గంధం పూసి తీసుకొచ్చారు. కొత్త గుండు మీద గాలి తగులుతుంటే అది కళ్లు పెద్దవి చేసి చుట్టూ చూస్తోంది. సత్య పిల్లని ఎత్తుకుని పీట దగ్గర నిలబడింది.

"అన్నా, లేచి రా."

కన్నప్పన్ పంచె సర్దుకుని లేచాడు.

"నువ్వు కాదు కన్నప్పన్నా, కూర్చో. భూపతన్నా, నిన్నే."

మామకి వినబడలేదనుకుంటాను, లేదా నమ్మలేదు. నేను వీపు మీద ఒక్కటి వేశాను. అప్పుడు లేచి, జనం మధ్యలోంచి నడిచి, పీట మీద కూర్చున్నాడు. సత్య పిల్లని ఒళ్లో పెట్టింది. పట్టుకోవాలి కాబట్టి చంకల్లోంచి చేతులు బయటికి రాక తప్పలేదు. వణుకుతున్నాయి. మామూలు కన్నా ఎక్కువే వణుకుతున్నాయి. ఆచారి తీగ చేతిలో పట్టుకుని ఆ చేతుల్ని చూశాడు, సత్యని చూశాడు, ఆమె మామగారిని చూశాడు.   మాట్లాడొద్దు మామా, ఈ ఒక్కసారికి మాట్లాడొద్దు అని మనసులో వేడుకుంటున్నాను.

మామ మాట్లాడాడు.

"ఆచారీ, భయపడొద్దు. నాకు ఒక జబ్బుంది, దానికి మాత్ర వేసుకుంటా. వేసుకుంటే నా చెయ్యి వణుకుతుంది. వేసుకోకపోతే ఊరంతా వణుకుతుంది. ఆ పొద్దు గాజుల వేడుకకి వచ్చినోళ్లని అడుగు, చెప్తారు."

ముందు సత్య వాళ్ల వీధిలో ఉండే మునివెంకటమ్మవ్వ కిసుక్కుమంది. ఆ తరువాత ఎవరూ ఆగలేదు. సత్య మామగారు తువ్వాలు నోటికి అడ్డం పెట్టుకున్నారు, భుజాలు మాత్రం కదులుతున్నాయి. ఆ వేడుక తలుచుకుని మా వాళ్లు నవ్వడం అదే మొదటిసారి. మామ కూడా నవ్వాడు.

"మరి తల ఎవురు పట్టుకునేది?" అన్నాడు ఆచారి.

"నా పెళ్లాం పట్టుకుంటుంది. ఇన్నేళ్లుగా నన్నే కదలకుండా పట్టుకునింది. దానికి ఇంత పిల్ల తల ఒక లెక్కా?"

పదిమందిలో పెళ్లాం గురించి మంచిమాట చెప్పే మగవాడు మా వంశంలో పుట్టలేదు. ఎవరూ నా వంక చూడకపోతే బాగుండుననిపించింది, అందరూ చూశారు. వెళ్లి పీట పక్కన మోకాళ్ల మీద కూర్చుని జీవా గుండుకి రెండు వైపులా చేతులు ఆనించాను. అప్పుడు నా చేతులే గడగడ వణికాయి. ఆపాలని చూసినకొద్దీ ఇంకా ఎక్కువైంది. కళ్లలో నీళ్లు నిండి పిల్ల చెవి కూడా సరిగ్గా కనబడడం లేదు.

మామ నా వైపు వంగి మెల్లగా అన్నాడు. "ఏమే, నువ్వెప్పటి నుంచి మాత్ర వేసుకుంటుండావు?"

"నోరు మూసుకుని పిల్లని పట్టుకో," అన్నాను.

సత్య కూడా నేల మీద కూర్చుని మా చేతుల మీద తన చేతులు వేసింది. ఆచారి దండం పెట్టుకుని కుట్టాడు, ఒక చెవి, వెంటనే రెండోది. జీవా గుడి ఎగిరిపోయేలా ఏడ్చింది. దానితో పాటు మామా ఏడ్చాడు. "అయిపోయింది బంగారూ, అయిపోయింది, రా" అని సత్య చేతులు చాపింది. పిల్ల ఆమె దగ్గరికి పోలేదు. మామ చొక్కాని పిడికిళ్లతో పట్టుకుని, మొహం ఆయన గుండెల్లో దాచుకుని, ఆ ఒళ్లోనే ఉండిపోయింది.